మూడో ఇంజన్ కూడా కారింది

"ఓరం కట్టమ్మే! బండి ఓరం కట్టు!"

తిరుమలసామి అరిచేలోపే బృంద కారుని రోడ్డు పక్కకి లాగేసింది. ఎదురుగా ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. అద్దంలో చూస్తే సాత్తూరు వైపునుంచి తారురోడ్డు మీద నల్లటి గీత ఒకటి, ఎవరో గురి చూసి గీసినట్టు, సరిగ్గా తమ కారు కిందికే వచ్చి ఆగింది.

ఇంజన్ ఆపి దిగింది. చున్నీ నడుముకి బిగించి, రోడ్డు పక్క మట్టిలో వెల్లకిలా పడుకుని, కారు కిందికి తల దూర్చింది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగునుంచి ఆయిల్ కారుతోంది. చుక్కలుగా అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఇది ధార.

"ఏ సీలు?" పైనుంచి తిరుమలసామి గొంతు.

"వెనకది, నాయనా."

"మళ్ళా వెనకదేనా?"

బృంద కారు కిందినుంచి బయటికి జరిగింది. కోవిల్‌పట్టి మెకానిక్ షెడ్డులో ఆమె తన చేత్తో మొత్తం విప్పి కట్టిన ఇంజన్లలో ఇది ఐదోది. కారడంలో మూడోది.

వెనక సీటు తలుపు తెరుచుకుంది. విరుదునగర్ మిరపకాయల వ్యాపారి శంకరలింగం ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు కారులోనే ఉంచి, చేతి గడియారం చూసుకున్నాడు. చేతిలో సాత్తూరులో కొన్న కారసేవు పొట్లం. ఆ తెల్ల అంబాసిడర్ ఆయన తండ్రి కొన్నది. తండ్రి పోయినా కారుని పోనివ్వలేదు ఆయన. మూడింటికి విరుదునగర్‌లో దానికి ఎఫ్‌సి పరీక్ష. బండి రోడ్డు మీద తిరగడానికి తగునా లేదా అని చూసి ఇచ్చే ఆ కాగితానికి ఇవాళే ఆఖరి రోజు. ఆయిల్ కారే బండికి ఆ కాగితం ఎవరిస్తారు?

"పది యాభై," అన్నాడాయన తమిళంలో, ఎంతో నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

తిరుమలసామి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో బృందకి తెలుసు. పోయిన వారమే చెప్పాడు, అన్నం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా: "రెండు బండ్లు కారె. ఊరంతా నవ్వుతా ఉండారు. ఈ మిరపకాయల అణ్ణాచ్చి బండి గూడా కారితే, ఇంక నువ్వు స్పానరు పట్టొద్దు. ఇంట్లో ఉండు."

పాలిటెక్నిక్ చదివి, పదేళ్ళు ఆ షెడ్డు నేల మీద గ్రీజులో పొర్లి సంపాదించుకున్న చోటు. అది ఈ నల్లటి ధారతో కలిసి రోడ్డు మీదికి కారిపోతోంది.

*

ఆయిల్ సీల్ అంటే పెద్ద వస్తువేమీ కాదు. రబ్బరు గాజు. తిరిగే ఇనప కడ్డీ దాన్ని చేతికి గాజులా తొడుక్కుని తిరుగుతుంది. లోపలి ఆయిల్ ఆ గాజు దాటి బయటికి రాకూడదు. అంతే దాని పని. ఆ చిన్న గాజు తప్పితే మాత్రం లక్ష రూపాయల ఇంజన్ కూడా ఓటికుండే.

ఎక్కడ తప్పింది? డిక్కీలోంచి ఆయిల్ డబ్బా తీస్తూ బృంద నిన్నటి పనంతా మనసులో మళ్ళీ చేసింది. గాడి తుడిచింది. సీలు పెదవికి, అంటే లోపలి అంచుకి, ఆయిల్ రాసింది. సుత్తితో కొట్టలేదు, చెక్క దిమ్మ ఆనించి చుట్టూ సమంగా దించింది. వేలు తిప్పి చూసింది. ఎక్కడా ఎత్తూ పల్లమూ లేదు. సాయంత్రం ఇంజన్ మూసింది. అవ్వ పొన్నమ్మాళ్ ఎప్పటిలాగే వచ్చి, నిమ్మకాయ తిప్పి, అందరినీ బయటికి తోలి, తన దండం తాను పెట్టుకుంది. పొద్దున ఇంజన్ని కారులోకి దించి, గొట్టాలు తొడిగి, బిగించి... తప్పెక్కడ?

రెండు లీటర్లు పోసింది. "స్టార్ట్ చెయ్యి నాయనా!"

ఇంజన్ అందుకుంది. ఆయిల్ పోసే మూత ఇంకా సగమే తిప్పి ఉంది. ఒక్కసారిగా అది ఆమె వేళ్ళ కింద ఎగిరిపడింది, ఉడుకుతున్న కుండ మీది మూతలా టకటకలాడింది. బుస్సుమని వేడి పొగ ముంజేతిని తాకింది.

"అబ్బ!"

పిస్టన్ల మీద కొత్త రింగులు. ఇంకా ఒదగలేదు, ఆ మాత్రం పొగ ఉంటుందిలే అనుకుని మూత నొక్కి బిగించేసింది. ఆ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే సగం కథ అక్కడే తేలిపోయేది. కానీ తరుముకొచ్చే గడియారం ముందు ఎవరికి ఆలోచన సాగుతుంది?

అప్పుడే ఫోన్ మోగింది. అవ్వ.

"ఏమ్మే బృందా, ఇరుక్కన్‌గుడి మలుపు దాటినారా?"

"దాటితిమి అవ్వా. ఇప్పుడు మాట్లాడలేను."

"దాటేటప్పుడు కారు నిలిపి ఒక దండం పెడ్తివా, లేదా?"

"అవ్వా! ఆయిల్ కారతా ఉండాది ఈడ! పెట్టెయ్ ఫోన్."

"కారదు పో," అంది అవ్వ ధీమాగా. "మారియమ్మ చూసుకుంటాది."

*

కారు మళ్ళీ కదిలింది, నలభై దాటకుండా. పది కిలోమీటర్లకోసారి ఆపి ఆయిల్ పోయడం, మళ్ళీ బయల్దేరడం.

"ఈ సీలు ఎవుని కాడ కొంటివి?" ఉన్నట్టుండి అడిగాడు తిరుమలసామి.

బృంద రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నిన్నే. ఎవుని కాడ?"

"మారిసెల్వం అన్న కాడ."

కారులో బాంబు పడ్డట్టయింది. మారిసెల్వం పదకొండేళ్ళు వాళ్ళ షెడ్డులో పనిచేసిన మనిషి. సంక్రాంతి వచ్చే తై నెలలో ఒకరోజు, తిరుమలసామి సీలుని సుత్తితో నేరుగా కొడుతుంటే, "మొదలాళీ, అది రబ్బరు, పామా ఏమన్నా? ఎందుకట్ల కొడ్తారు?" అని పదిమంది ముందర యజమాని మొహం మీదే అనేశాడు. ఆ మాట మీద మాట పెరిగి, సాయంత్రానికి మారిసెల్వం పెట్టె సర్దుకుని విరుదునగర్ వెళ్ళిపోయాడు. అక్కడే చిన్న షెడ్డూ, ముందర సామాన్ల కొట్టూ పెట్టాడు. ఆనాటినుంచి ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు.

"నా కొంప ముంచినోని కాడ్నే పొయ్యి సీలు కొంటివా? అందుకే గదా! వాడు నకిలీ సీళ్ళు ఇస్తా ఉండాడు! పగ తీర్చుకుంటా ఉండాడు!"

"ఐదు ఇంజన్లకీ వాని కాడ్నే కొంటిని నాయనా. రెండు కారలేదే?"

"అదే యుక్తి! నడుమ రెండు మంచివి ఇచ్చి నమ్మకం పట్టినాడు. నీకి లోకం తెలీదు." వెనక్కి తిరిగాడు. "అణ్ణాచ్చి, బండి నేరుగా వాని షెడ్డుకే పోతాది. వాని కాలరు పట్టుకోకపోతే నా పేరు తిరుమలసామి కాదు."

"కాలరు ఎవరిదైనా పట్టుకోండి," అన్నాడు శంకరలింగం కారసేవు నములుతూ. "మూడింటికి నా బండి కింద నేల పొడిగా ఉండాలి. పదకొండు ఇరవై."

*

విరుదునగర్ పొలిమేరలో మిరపకాయల ఘాటు ముక్కుకి తగిలేసరికి పన్నెండు కావస్తోంది. మారిసెల్వం కొట్టు ముందర కారు ఆగిందో లేదో, తిరుమలసామి దూకేశాడు.

"ఒరే! బయటికి రారా!"

మారిసెల్వం బయటికొచ్చాడు. చేతిలో సగం తిన్న ఇడ్లీ, మొహంలో ముందు సంతోషం, తర్వాత అనుమానం. తమిళవాడైనా పదకొండేళ్ళు తెలుగు షెడ్డులో తిట్లు తిన్నవాడు. తిట్లతోపాటు భాష కూడా వచ్చేసింది.

"మొదలాళీ? వాంగ, రండి. ఏమి ఇంత దూరం?"

"నకిలీ సీలు ఇచ్చి, ఏమని అడుగుతావా?"

మారిసెల్వం ఇడ్లీ పక్కన పెట్టాడు. చెయ్యి కడిగాడు. అప్పుడు మాట్లాడాడు.

"మొదలాళీ, మీరు నన్ను కొట్టండి. పనికి రానోడు అనండి. నకిలీ అన్న మాట మాత్రం వొద్దు. ఈ పిల్లకి సీలు పట్టుకునేది నేర్పినోడిని నేను. దీనికి నకిలీ ఇస్తానా?"

"మరెట్ల కారె? నువ్వు చెప్పు!"

"విప్పితే గదా తెలుస్తాది. మాట్లాడితే తెలుస్తాదా?"

"నాయనా," అంది బృంద, అప్పటికే జాకీ లాక్కొస్తూ. "మీరిద్దరూ సావకాశంగా కొట్టుకోండి. ముందు ఆ పక్క పట్టండి."

ఆ తర్వాతి గంటంతా పనే. పగవాళ్ళిద్దరూ కారు కింద భుజానికి భుజం ఆనించి గేర్‌బాక్సు బరువు మోశారు. పన్నెండో నంబరు, పద్నాలుగో నంబరు అని బృంద అడగకముందే మారిసెల్వం చేతిలోంచి స్పానర్లు వచ్చి పడుతున్నాయి. గేర్‌బాక్సు దిగింది. క్లచ్చు ఊడింది. బరువైన చక్రం బయటికొచ్చింది. దాని వెనక, నల్లగా మెరుస్తూ, సీలు.

బృంద టార్చి వేసింది.

సీలు తన గాడిలో లేదు. ఒక పక్క గోరంత బయటికి జరిగి ఉంది.

మారిసెల్వం దాన్ని మెల్లగా ఊడదీసి, గుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి తిప్పాడు. పెదవి చిరగలేదు. లోపలి స్ప్రింగు చోటు కదల్లేదు. రబ్బరు మెత్తగా, కొత్తగా ఉంది.

"చూడండి మొదలాళీ. నకిలీనా ఇది?"

తిరుమలసామి తీసుకుని వంచి చూశాడు. వాసన చూశాడు. నలభై ఏళ్ళ అనుభవం అబద్ధం ఆడనివ్వలేదు. "మంచి సరుకే," అన్నాడు గొంతులోంచి. వెంటనే కూతురి మీదికి తిరిగాడు. "అయితే నీ చెయ్యే సరిలేదు. సరిగా కూర్చోబెట్టలేదు నువ్వు."

బృంద చెవుల్లో రక్తం హోరెత్తింది. సీలు తప్పు కాకపోతే తప్పు చేతిది. ఇంకో దారి లేదు. ఇంట్లో ఉండు.

"కూర్చోబెట్టింది సరే, మొదలాళీ," అన్నాడు మారిసెల్వం గాడిలోకి వంగి చూస్తూ. "ఇక్కడ చూడండి, చుట్టూ సమంగా అచ్చు పడి ఉండాది. ఇది తనంతట తాను జారలేదు. ఏదో తోసింది. లోపలినుంచి."

లోపలినుంచి.

బృంద ముంజేయి చురుక్కుమంది. రోడ్డు మీద తగిలిన వేడి పొగ. ఉడుకు కుండ మీది మూతలా ఎగిరిన మూత.

లేచి కారు ముందుకి పరుగెత్తింది. ఇంజన్ కడుపులో పుట్టే ఆవిరి బయటికి పోవడానికి పక్కన బొటనవేలు దూరేంత ఇనప గొట్టం ఒకటి ఉంటుంది, బ్రీదరు అంటారు. అది మూసుకుపోతే ఆవిరికి దారి ఉండదు. దారి దొరక్కపోతే, ఉన్నవాటిలో బలహీనమైన తలుపుని తోసుకుని వెళ్తుంది. ఇంజన్‌లో అన్నిటికంటే బలహీనమైన తలుపు ఏది? రబ్బరు గాజు!

రబ్బరు గొట్టం పట్టి లాగింది. ఊడింది. ఇనప గొట్టంలో వేలు పెట్టింది. వేలికి ఏదో తగిలింది. మెత్తగా.

"అన్నా! కొనముక్కు పటకారు తీసుకురా!"

పట్టి లాగితే రాలేదు. తిప్పి లాగింది. ఫట్టున వచ్చింది, సీసా బిరడాలాగా. గుమ్మడిగింజంత... కాదు, చింతకాయంత మూట. ఆయిల్ తాగి నల్లబడింది. నల్లదనం కింద పసుపు.

పసుపు గుడ్డ. అందులో గట్టిగా ఏదో.

శంకరలింగం చేతిలోని కారసేవు పొట్లం జారిపోయింది. మారిసెల్వం రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముట్టొద్దు!" అరిచాడు తిరుమలసామి. "కింద పడెయ్! ఎవుడో మంత్రం పెట్టినాడు!"

*

బృంద కింద పడెయ్యలేదు. ఆమె భయం ఆయిల్‌తోపాటే కారిపోయి, ఇప్పుడు లోపల ఉన్నది వేట కుక్క ఒక్కటే.

ఫోన్ తీసింది. పుదూరు తిరుపతిసామి. ఆయన జీపు ఆమె కట్టిన మొదటి ఇంజన్. కారిన మొదటి ఇంజన్.

"మామా, నేను బృంద. జీపు ఆడ్నే ఉండాదా?"

"ఉండాది. రోజూ అర లీటరు ఆయిల్ పోసి, నిన్ను నాలుగు మాటలు తిట్టి, తోలుతా ఉండా. ఏమి సంగతి?"

"బానెట్టు ఎత్తు మామా. ఇంజన్ పక్కన బొటనవేలు దూరేంత గొట్టం, దాని మీద రబ్బరు గొట్టం. రబ్బరుది పీకి, ఇనపదాంట్లో వేలు పెట్టు."

"ఏమ్మే, నేను అన్నం తింటా ఉండా..."

"మామా! నీ కాలు మొక్కుతా. ఇప్పుడే!"

స్పీకర్లో చెప్పుల చప్పుడు. బానెట్టు కిర్రుమన్నది. మేక ఒకటి అరిచింది. నలుగురూ ఊపిరి బిగబట్టి ఆ ఫోన్ వైపే చూస్తున్నారు, అందులోంచి ఏదో దూకుతుందన్నట్టు.

"ఏమీ లేదే... ఉండు, ఉండు. ఏందో ఉండాది. మెత్తగా ఉండాది." ఒక నిమిషం మూలుగులు. ఆపైన, "యమ్మా! పసుపు మూటమ్మా! ఇంజన్ లోపల పసుపు మూట ఉండాది!"

బృంద కళ్ళు మూసుకుంది. రెండు ఇంజన్లు, రెండు మూటలు, ఒకటే చెయ్యి. రెండోదిగా కారిన ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీ మేస్త్రీ వ్యానులోనూ ఇదే ఉంటుంది, చూడక్కర్లేదు. తన చేతిలో తప్పు లేదు. సీలులో తప్పు లేదు.

"ఇప్పుడు తెలిసె!" తిరుమలసామి తొడ చరిచాడు. "పేచ్చిముత్తు! ఎదురు షెడ్డు పేచ్చిముత్తు! వాని బామ్మర్ది ఉడుక్కు డమరుకం కొట్టి సోదె చెప్పేవాడు గదా! వాడు మంత్రించి ఇస్తే వీడు తెచ్చి పెట్టినాడు. మన షెడ్డు మూసేస్తే వూళ్ళో వీడొక్కడే మెకానిక్కు!"

"కొత్త సీలు తీ అన్నా," అంది బృంద. "ఒంటిగంట పది."

"ఆగమ్మే. ఇది విను ముందు." తిరుమలసామి గొంతు మారింది. కోపం పోయింది, దానికంటే పాడుది, భయం, వచ్చింది. "నీ చెయ్యి మంచిదే. ఒప్పుకుంటా. కానీ మంత్రాలు పెట్టేవాడు మన షెడ్డులోకి వచ్చి పోతా ఉండాడంటే, ఆడపిల్లని ఆడ ఎట్ల ఉంచేది? నాకు ఉండేది నువ్వు ఒక్కతివి. రేపట్నుంచి నువ్వు షెడ్డుకి రావొద్దు."

తప్పు చేస్తే ఇంట్లో ఉండు. చెయ్యకపోయినా ఇంట్లో ఉండు. బృందకి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగి, మూటని డీజిల్ గిన్నెలో పడేసి, పనిలోకి దిగింది.

*

గాడి తుడిచింది. పెదవికి ఆయిల్ రాసింది. చెక్క దిమ్మ ఆనించింది. ఈసారి తిరుమలసామి టార్చి పట్టుకున్నాడు, మారిసెల్వం దిమ్మ మీద సుత్తి తగిలించాడు, బృంద వేలు చుట్టూ తిరుగుతూ లెక్క చెప్పింది: "ఇక్కడ కొంచెం. ఇంకొంచెం. చాలు." సీలు గాడిలోకి ఒదిగింది, చేతికి సరిపడ్డ గాజులా.

చక్రం ఎక్కింది. క్లచ్చు ఎక్కింది. మారిసెల్వం గేర్‌బాక్సు కింద పడుకుని పళ్ళు బిగించి ఎత్తుతుంటే, తిరుమలసామి ఆ పక్కనుంచి, "ఒరే, నడుం జాగ్రత్తరా," అన్నాడు. నాలుగు నెలల తర్వాత అది మొదటి మంచి మాట.

బోల్టులు మారిసెల్వం బిగిస్తుండగా బృంద చేతులు తుడుచుకుని డీజిల్ గిన్నె దగ్గరికి వచ్చింది. మూట నల్లదనం వదిలి పసుపు తేలింది. విప్పబోయింది. విప్పబోతూ ఆగిపోయింది.

ముడి.

మామూలు ముడి కాదు. దారం మూడు చుట్లు తిరిగి, కొస వెనక్కి మళ్ళి, తన కిందికే దూరింది. నల్లరేగడి చేలో పత్తి మూట మూతి కట్టే ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది, కొస పట్టి గుంజితే ఒక్క దెబ్బకి ఊడుతుంది. ఈ కాలంలో ఎవరు కడుతున్నారు ఆ ముడి? పత్తి పోయింది, మూటలు పోయాయి. బృంద కొస పట్టి గుంజింది. ఊడింది. లోపల రూపాయి బిళ్ళ, చిటికెడు కుంకుమ.

మంత్రం కాదు. మొక్కు. ముడుపు.

ఒక్కొక్కటీ వచ్చి తగులుకున్నాయి, పళ్ళచక్రాల్లాగా. కారని రెండు ఇంజన్లూ ఉగాది వచ్చే పంగుని నెలలో మూసినవి. పంగుని నెలంతా ఒక మనిషి కోవిల్‌పట్టిలో లేదు. కారియాపట్టిలో తమ్ముడింట్లో ఉంది. ఇంజన్ మూసిన ప్రతి సాయంత్రం షెడ్డులోంచి అందరూ బయటికి వెళ్తారు. ఒక్క మనిషి తప్ప. మొక్కు తీరేదాకా బయట చెప్పకూడదు, చెబితే ఫలించదు. అందుకే ఎవరికీ తెలీదు. రబ్బరు గొట్టం ఇంకా తొడగని ఆ ఇనప నోరు, లోకం ఎరగని కళ్ళకి ముడుపు దాచడానికే చేసిన గూడులా కనిపించి ఉంటుంది. మర్నాడు పొద్దున దాని మీద గొట్టం తొడిగింది ఎవరు? తానే. లోపలికి ఒక్కసారి తొంగి చూడకుండా.

దేనికోసం మొక్కు? అది కూడా ఊహించగలదు.

"స్టార్ట్ చెయ్యనా?" మారిసెల్వం.

మూట పిడికిట్లో దాచేసింది. "చెయ్యి."

ఇంజన్ అందుకుంది. బృంద ఆయిల్ మూత సగం విప్పింది. మూత కదల్లేదు, నిద్రపోతున్న పిల్లిలా కూర్చుంది. వేగం పెంచమంది. కదల్లేదు. కారు కింద మారిసెల్వం తెల్లకాగితం పరిచాడు. పావుగంట ఇంజన్ తిరిగింది. శంకరలింగం స్వయంగా పంచె ఎగ్గట్టి, వంగి, కాగితం తీసి, రెండు వైపులా చూశాడు.

తెల్లగా ఉంది.

"అబ్బాడా!" అంటూ మారిసెల్వం బృంద వీపు మీద ఒక్కటి చరిచాడు. గ్రీజు చెయ్యి అచ్చు పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

"రెండు ముప్పై," అన్నాడు శంకరలింగం. మొదటిసారి నవ్వాడు. స్టీరింగు ముందు కూర్చుని, తలుపు వేసుకోకుండా ఆగాడు. "ఇంకో పని ఉంది. నా వ్యాన్లు ఎనిమిది ఉన్నాయి. ఈ అమ్మాయి చేతికే ఇస్తాను. కానీ మీ షెడ్డులో పగవాడు తిరుగుతుంటే నా బండ్లు పంపలేను. ఎవడో తేల్చి చెప్పండి."

"తేల్చేదేముంది?" తిరుమలసామి అప్పటికే ఫోన్ కలిపేశాడు, స్పీకర్లో. "ఇప్పుడే తేలుస్తా. ఒరే పేచ్చిముత్తూ!"

"ఏమి అణ్ణాచ్చి?" అవతల గొంతు తాపీగా వచ్చింది. వెనకాల పదిమంది టీ తాగుతున్న చప్పుడు. "మూడో బండి కూడా సాత్తూరు రోడ్డు మీద కారిందంట? పెట్రోలు బంకు పెట్టబోయి ఆయిల్ బంకు పెట్టారా?"

అవతల నవ్వులు.

"నా షెడ్డులో మంత్రం పెడ్తావారా? మూట దొరికె! పోలీసుకి ఇస్తా! నీ బామ్మర్దిని గూడా లోపల వేయిస్తా!"

నవ్వులు ఆగిపోయాయి. "ఏమి మూట? పిల్లల మీద ప్రమాణం, నీ షెడ్డు గడప తొక్కి ఆరేళ్ళయింది! సాక్షి ఉంటే తీసుకురా! పదిమందిలో దొంగ అంటావా నన్ను? ఇప్పుడే వస్తా నీ ఇంటికి!"

"రా! రారా!" తిరుమలసామి కూతురి వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "చూస్తివా? ఇంటికి వస్తాడంట. ఇందుకే చెప్పేది. నువ్వు ఇంక షెడ్డుకి..."

బృంద పిడికిలి బిగుసుకుంది. చెబితే? స్పీకర్ అవతల పదిమంది. సాయంత్రానికి కోవిల్‌పట్టి బజారంతా పాకుతుంది, ప్రతి టీకొట్టులో నవ్వుతారు. ఎనభై ఏళ్ళ మనిషి, పొద్దున్నే ఎదురింటి పువ్వుల దగ్గర నిలబడి నలుగురితో మాట్లాడే మనిషి. చెప్పకపోతే? ఎదురు షెడ్డువాడు చెయ్యని తప్పుకి దొంగ. అన్న మీద మచ్చ సగమే పోయినట్టు. తాను రేపట్నుంచి వంటింట్లో.

బానెట్టు మీద పెట్టిన ఆమె ఫోన్ గుర్రుమంటూ కదిలింది. తెర మీద రెండక్షరాలు. బృంద ఎత్తలేదు.

"పేచ్చిముత్తు కాదు, నాయనా."

"కాదా? అయితే ఈ మారిసెల్వమా? చెప్పు!"

"అన్న కాదు. ఇది మంత్రమూ కాదు. మొక్కు." పిడికిలి తెరిచింది. అరచేతిలో రూపాయి బిళ్ళ, తడిసిన కుంకుమ, పసుపు గుడ్డ, దాని పక్కన మూడు చుట్ల దారం. "నా చేతికి మంచి పేరు రావాలని ఇరుక్కన్‌గుడి మారియమ్మకి కట్టిన ముడుపు. ఈ ముడి చూడు. చిన్నప్పుడు పత్తి కాడ నువ్వు చూళ్ళేదా?"

తిరుమలసామి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఎవురు?" అవతలినుంచి పేచ్చిముత్తు అరుస్తున్నాడు. "ఎవురో చెప్పమ్మా! పేరు చెప్పు! నేను వినాల!"

బృంద వంగి, ఆ ఫోన్‌లోకి, పదిమందికీ వినబడేలా చెప్పింది.

"మా అవ్వ. మా నాయన్ని కన్న తల్లి, పొన్నమ్మాళ్."